కాలేజీ వెబ్‌సైట్‌లో ఎవరూ దారి తప్పకుండా: పేజీలు సర్దే పద్ధతి మొదటి నుంచి చివరిదాకా

మన రెండు రాష్ట్రాల్లో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల వెబ్‌సైట్లు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. పైన ఎర్రక్షరాల్లో పరిగెత్తే ప్రకటన, పక్కన మిణుకుమిణుకుమనే ‘న్యూ’ బొమ్మ. మెనూలో ముందుగా ‘అబౌట్ అస్’. దాని కింద ఛైర్మన్ సందేశం, సెక్రటరీ సందేశం, ప్రిన్సిపాల్ సందేశం, విజన్, మిషన్. ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టుకునే వారంలో ఒక తండ్రి ఫోన్‌లో ఆ సైటు తెరిచి మా ఊరికి బస్సుందా, ఫీజెంత, పోయినేడు సీఎస్ఈ ఏ ర్యాంకు దాకా ఇచ్చారు అని వెతుకుతుంటాడు. ఈ మూడూ సైట్లో ఉంటాయి. బస్సు రూట్లు ‘ఫెసిలిటీస్’లో ‘అమెనిటీస్’ కింద ఒక పీడీఎఫ్‌లో, ఫీజులు ‘అడ్మినిస్ట్రేషన్’ కింద, ర్యాంకులు ఎప్పుడో పెట్టిన సర్క్యులర్‌లో. పది నిమిషాలు చూసి విసుగొచ్చి ఆయన ఆఫీసుకి ఫోన్ చేస్తాడు, లేదా పక్క కాలేజీ సైటు తెరుస్తాడు.

ఆఫీసులో ఏ ఫైలు ఏ బీరువాలో ఉంటుందో సైటు కూడా ఆ వరసలోనే కట్టారన్నమాట. వచ్చినవాళ్లు ఏ పని మీద వచ్చారో ఆ వరసలోకి దాన్ని ఎలా మార్చాలో ఇక్కడ చెబుతాను. ఉదాహరణ ఇంజనీరింగ్ కాలేజీదే అయినా, ఆస్పత్రికైనా చీరల షాపుకైనా అడుగులు ఇవే.

1. ముందు ఉన్నదంతా లెక్క రాయండి

గూగుల్ షీట్ ఒకటి తెరిచి సైట్లో ఉన్న ప్రతి పేజీనీ ఒక వరసలో రాయండి. పీడీఎఫ్‌లూ లెక్కే, కాలేజీ సైట్లలో అసలు సరుకంతా వాటిల్లోనే ఉంటుంది. గడులు ఐదు చాలు: అడ్రసు, పేజీ పేరు, చివరిసారి ఎప్పుడు మార్చారు, ఎవరి బాధ్యత, ఎవరికి అవసరం. స్క్రీమింగ్ ఫ్రాగ్ అనే సాఫ్ట్‌వేర్ సైటంతా తిరిగి అడ్రసుల జాబితా తనే తయారుచేస్తుంది. ఉచిత వెర్షన్ 500 అడ్రసుల దాకా చూస్తుంది. ఎక్కడి నుంచీ లింకు లేని పేజీలు దానికి దొరకవు. వాటి కోసం హోస్టింగ్ అకౌంట్‌లో ఫోల్డర్లు తెరిచి చూడాల్సిందే.

ఇక ఒక్కో వరసకూ తీర్పు చెప్పండి: ఉంచాలా, ఇంకోదాంట్లో కలపాలా, తీసేయాలా. ఇక్కడ మొహమాటం పనికిరాదు. ప్రతి డిపార్ట్‌మెంటుకీ ఒక ‘ప్లేస్‌మెంట్స్’ పేజీ ఉండి, ఒక్కోదాంట్లో ఒక్కో లెక్క కనిపిస్తుంటే వాటిని ఒకటి చేయాలి. ‘ఎవరి బాధ్యత’ అన్న గడి ఖాళీగా మిగిలిన పేజీలను మరింత అనుమానంగా చూడండి.

తీసేసే ముందు ఒక జాగ్రత్త. కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్‌కి పంపిన స్వీయ అధ్యయన నివేదికలో, కాలేజీ నాణ్యత విభాగం (ఐక్యూఏసీ) పంపిన వార్షిక నాణ్యత నివేదికలో (ఏక్యూఏఆర్) ఈ సైటు లింకులనే ఆధారాలుగా చూపించి ఉంటారు. ఆ అడ్రసులకు షీట్‌లో వేరే రంగు వేసి పెట్టుకోండి. వాటి సంగతి తర్వాత వస్తుంది.

2. వచ్చేవాళ్ల పనులు వాళ్ల మాటల్లోనే రాసుకోండి

దీనికి సర్వేలూ అవీ అక్కర్లేదు. రిసెప్షన్‌లో ఫోన్ ఎత్తే ఆవిడ, ఎగ్జామ్ సెక్షన్ కిటికీ వెనక కూర్చునే క్లర్కు, ఈ ఇద్దరికీ తెలిసినంత ప్రిన్సిపాల్ గారికి కూడా తెలియదు. వచ్చిన ప్రతి ప్రశ్ననీ ఓ వారం రోజులు నోట్‌బుక్‌లో ఉన్నదున్నట్టు రాయమనండి. ఇలాంటివి వస్తాయి:

“సార్, మా పాపకి ముప్పై వేల ర్యాంకొచ్చింది. ఈసీఈ వస్తదా?”

“అన్నా, సప్లీ ఫీజు లాస్ట్ డేట్ ఎప్పుడు?”

“హాస్టల్ ఫీజులో మెస్ బిల్లు కలిసే ఉందాండీ?”

“మేడమ్, నాది 2014 బ్యాచ్. డల్లాస్ నుంచి మాట్లాడుతున్నా. ట్రాన్స్‌క్రిప్ట్స్‌కి కాలేజీకి అప్లై చేయాలా, యూనివర్సిటీకా?”

ఈ చివరి ప్రశ్న మీద కాసేపు ఆగండి. డల్లాస్‌లో తెల్లారేసరికి ఇక్కడ ఆఫీసు మూసేసి ఉంటుంది. ఆయనకి వెబ్‌సైటే దిక్కు. అయినా ‘అలుమ్ని’ మెనూ తెరిస్తే కనిపించేది పూర్వ విద్యార్థుల సమ్మేళనం ఫోటోలే.

నోట్‌బుక్‌తో పాటు గూగుల్ సెర్చ్ కన్సోల్ కూడా చూడండి. జనం గూగుల్‌లో ఏం టైప్ చేసి మీ సైటుకి వచ్చారో 16 నెలల వెనక్కి వెళ్లి చూపిస్తుంది. కౌన్సెలింగ్ నెలల్లో ఏ మాటలు ఎక్కువ, సెమిస్టర్ పరీక్షల ముందు ఏవి ఎక్కువ అన్నది విడివిడిగా రాసుకోండి. హోమ్ పేజీలో పైన ఏం ఉండాలో ఆ క్యాలెండరే చెబుతుంది, ఏడాది పొడవునా ఒకే హోమ్ పేజీ పెట్టాల్సిన పని లేదు.

నాక్ బృందం, సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) వాళ్లు కూడా సైటుకి వచ్చేవాళ్లే. అయితే వాళ్లు చేతిలో జాబితా పట్టుకుని వస్తారు, పేజీ అడుగున లింకు ఉన్నా వెతికి పట్టుకుంటారు. వాళ్ల కోసం మెయిన్ మెనూలో ‘ఐక్యూఏసీ’, ‘నాక్’, ‘ఎన్ఐఆర్ఎఫ్’ (కేంద్రం ఇచ్చే కాలేజీ ర్యాంకులు) అని మూడు స్థానాలు ఇచ్చేసి, బస్సు రూట్లను మూడో మెట్టుకి తోయడం నా లెక్కలో దండగ. పేజీ అడుగు పట్టీలో ‘గుర్తింపు, తప్పనిసరి పత్రాలు’ అని ఒక్క లింకు ఇచ్చి, అన్నీ అక్కడ వరసగా పేర్చండి.

3. చీటీల ఆట ఆడించండి

మొత్తం పనిలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇది. ఖర్చూ ఉండదు. షీట్‌లో ‘ఉంచాలి’ అని తేలిన వాటిలో ముఖ్యమైన నలభై అంశాలు తీసుకుని, ఒక్కోటీ ఒక్కో చీటీ మీద రాయండి. ‘బస్సు రూట్లు’, ‘హాల్ టికెట్ డౌన్‌లోడ్’, ‘సిలబస్’, ‘ఫీజు రీయింబర్స్‌మెంట్’, ‘బోనఫైడ్ సర్టిఫికెట్’, ‘యాంటీ ర్యాగింగ్ కమిటీ’ ఇలా. ఒక విద్యార్థిని పిలిచి చీటీలు బల్ల మీద పోయండి. “ఏవేవి కలిసి ఉండాలనుకుంటున్నావో కుప్పలు పెట్టు, ఒక్కో కుప్పకీ నీకు తోచిన పేరు పెట్టు” అనండి. తర్వాత మీరు నోరు విప్పకూడదు. ‘దీని అర్థం ఏంటి సార్’ అని అడిగితే ఆ మాట నోట్ చేసుకోండి. ఆ పేరు మార్చాల్సిందే.

ఒకరొకరుగా కూర్చోబెట్టండి. గుంపుగా పెడితే గట్టిగా మాట్లాడేవాడి కుప్పలే అందరి కుప్పలూ అయిపోతాయి. ఎంతమందితో చేయించాలన్న దానికి యూజబిలిటీ నిపుణుడు జాకబ్ నీల్సన్ 2004లో ఇచ్చిన సలహా 15 మంది. కాలేజీకైతే సగం మంది విద్యార్థులు, మిగతా వాళ్లలో తల్లిదండ్రులు, కొందరు పాత విద్యార్థులు ఉండేలా చూసుకోండి. అధ్యాపకులు మాత్రం ఇద్దరికి మించొద్దు. వాళ్లకి కాలేజీ నిర్మాణం కంఠతా వచ్చు కాబట్టి వాళ్ల చేతిలో చీటీలు మళ్లీ పాత మెనూలాగే కుదురుకుంటాయి.

అయ్యాక కుప్పలన్నీ ఫోటోలు తీసుకుని పోల్చండి. ఏ చీటీలు అందరి దగ్గరా కలిసే పడ్డాయో అవి ఒక విభాగం. ఏ చీటీ ఒక్కొక్కరి దగ్గర ఒక్కో కుప్పలో పడిందో అదే మీకు అసలు సమాచారం. ఉదాహరణకి ‘ఫీజు రీయింబర్స్‌మెంట్’ని తల్లిదండ్రులు అడ్మిషన్ల కుప్పలో వేస్తే, చదువుతున్న పిల్లలు బోనఫైడ్ సర్టిఫికెట్ పక్కన వేయొచ్చు. ఇద్దరిదీ న్యాయమే. ఆ పేజీని ఒక్కచోటే ఉంచి, రెండు చోట్ల నుంచీ లింకు ఇవ్వాలి. రెండు కాపీలు మాత్రం చేయొద్దు, వచ్చే ఏడు ఒకదాంట్లో తేదీ మార్చి రెండోది మర్చిపోతారు.

4. చెట్టు గీయండి, రెండు పాత నమ్మకాలను పక్కన పెట్టండి

కుప్పల నుంచి ఒక చెట్టు గీయండి. మా ఉదాహరణ కాలేజీకి పై వరసలో ఇవి వస్తాయనుకుందాం: ‘అడ్మిషన్లు, ఫీజులు’, ‘కోర్సులు, డిపార్ట్‌మెంట్లు’, ‘పరీక్షలు, రిజల్ట్స్’, ‘హాస్టల్, బస్సులు’, ‘ప్లేస్‌మెంట్స్’, ‘సర్టిఫికెట్లు’, ‘కాలేజీ గురించి’. ఛైర్మన్ గారి సందేశం చివరిదాంట్లోకి వెళుతుంది. మేనేజ్‌మెంట్‌తో మాట్లాడాల్సి వచ్చేది ఇక్కడే. మాటలతో ఒప్పించబోయి అలిసిపోకండి. ఆ నోట్‌బుక్ తీసుకెళ్లి ఆయన ముందు పెట్టండి, చాలు.

మొదటి నమ్మకం: ఏ పేజీ అయినా మూడు క్లిక్కుల్లో రావాలి. దీన్ని 2003లో జాషువా పోర్టర్ పరీక్షించి చూస్తే, మూడు దాటినంత మాత్రాన జనం వెతకడం మానేయడం లేదనీ, అసంతృప్తీ పెరగడం లేదనీ తేలింది. ప్రతి క్లిక్కుకీ ‘సరైన దారిలోనే ఉన్నా’ అన్న ధైర్యం ఉంటే నాలుగో క్లిక్కు భారం కాదు. మూడుకి కుదించాలని ఒక్కో మెనూలో ముప్పై లింకులు కుక్కితేనే అసలు కష్టం.

రెండోది: మెనూలో ఏడే ఉండాలి. జార్జ్ మిల్లర్ అనే సైకాలజిస్టు 1956లో రాసిన పేపర్ని పట్టుకుని ఇది చెబుతుంటారు. ఆయన చెప్పింది మనిషి చూడకుండా గుర్తుపెట్టుకోగలిగే వాటి గురించి. మెనూ కళ్ల ముందే ఉంటుంది, గుర్తుపెట్టుకునే పనేముంది? పై వరసలో నాకు ఏడు వచ్చాయి, మీకు ఎనిమిదొస్తే బలవంతంగా ఒకటి కోయకండి.

5. ఒకే పేజీకి మూడు ముఖాలుంటే మెనూ పనికిరాదు, ఫిల్టర్ కావాలి

సిలబస్ దగ్గర చాలామంది చేతులెత్తేస్తారు. జేఎన్టీయూ కాకినాడ అనుబంధ కాలేజీ అనుకోండి. ఆరు డిపార్ట్‌మెంట్లు, ఎనిమిది సెమిస్టర్లు, ఆర్20, ఆర్23 అని రెండు రెగ్యులేషన్లు (చేరిన ఏడాదిని బట్టి వర్తించే సిలబస్ నియమావళులు). విడగొడితే 96. దీన్ని మెనూగా పెడితే ముందు డిపార్ట్‌మెంటా, ముందు రెగ్యులేషనా అన్న గొడవ తెగదు. బ్యాక్‌లాగ్ ఉన్న సీనియర్‌కి రెగ్యులేషన్ ముందు కావాలి, కొత్తగా చేరినవాడికి ఆ మాటే తెలియదు.

ఈ చిక్కుముడిని కంప్యూటర్లు రాకముందే ఒక లైబ్రేరియన్ విప్పాడు. మద్రాసు యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణ పద్ధతి తెచ్చారు. అంతకుముందు పద్ధతుల్లో ప్రతి పుస్తకానికీ చెట్టులో ముందే ఒక కొమ్మ రాసిపెట్టి ఉండేది. ఆయన పుస్తకాన్ని దాని ముఖాలుగా విడగొట్టారు: దేని గురించి, ఏ చోటు, ఏ కాలం అని. ఆ ముక్కల్ని కలిపితే పుస్తకం స్థానం తేలుతుంది. లండన్‌లో ఒక షాపులో, ముక్కలు బిగించి రకరకాల బొమ్మలు చేసుకునే మెకానో సెట్టు చూసినప్పుడు తనకు ఈ ఆలోచన వచ్చిందని ఆయనే చెప్పుకున్నారు. ఇవాళ షాపింగ్ సైట్లలో సైజు, రంగు, ధర అని ఎడమ పక్కన కనిపించే ఫిల్టర్ల వెనక ఉన్న ఆలోచన అదే.

కాబట్టి మెనూలో ‘సిలబస్’ అని ఒక్క లింకు. ఆ పేజీలో పైన మూడు డ్రాప్‌డౌన్లు: డిపార్ట్‌మెంట్, సెమిస్టర్, రెగ్యులేషన్. ఏది ముందు ఎంచుకున్నా కింద జాబితా తగ్గుతూ రావాలి. రెగ్యులేషన్ పక్కన ‘మీరు చేరిన సంవత్సరం 2023 అయితే ఆర్23’ అని ఒక ముక్క రాస్తే కొత్తవాళ్లకీ తెలుస్తుంది. టైమ్ టేబుళ్లు, పాత ప్రశ్నపత్రాలు, బస్సు రూట్లు అన్నీ ఇదే బాపతు.

6. పేర్లు

ఆఫీసు భాష తీసేసి నోట్‌బుక్‌లో జనం వాడిన మాట పెట్టండి. ‘ఎగ్జామినేషన్ సెల్’ కన్నా ‘పరీక్షలు, రిజల్ట్స్’ మేలు. ‘అమెనిటీస్’ కన్నా ‘హాస్టల్, బస్సులు’. ‘క్విక్ లింక్స్’, ‘అదర్స్’, ‘మిస్లేనియస్’ అన్న పేర్లు ఎక్కడైనా కనిపిస్తే అక్కడ సర్దే పని సగంలో ఆగిపోయిందని అర్థం. రెండు పేర్లు ఒకదానికొకటి దగ్గరగా ఉండకూడదు: ‘అకడమిక్స్’, ‘ప్రోగ్రామ్స్’ పక్కపక్కనే ఉంటే సిలబస్ ఏ దాంట్లో ఉందో ఎవడు చెప్పగలడు?

సైటు తెలుగులోనా ఇంగ్లిషులోనా అంటే, తల్లిదండ్రులు చదివే పేజీలు (ఫీజులు, బస్సులు, హాస్టల్, అడ్మిషన్ విధానం) రెండింటిలోనూ ఉంటే బాగుంటుంది. భాష మార్చే బటన్ నొక్కితే అదే పేజీ రెండో భాషలో రావాలి, హోమ్ పేజీకి విసిరేయకూడదు.

7. కట్టకముందే కాగితం మీద పరీక్ష పెట్టండి

డిజైనర్‌కి డబ్బులిచ్చే ముందు చేయాల్సిన పని. రంగులూ బొమ్మలూ ఏమీ లేకుండా పై వరస పేర్లు ఒక కాగితం మీద, ఒక్కో విభాగం లోపలి పేర్లు ఒక్కో కాగితం మీద రాయండి. మొదటి కాగితం చూపించి ఒక పని చెప్పండి. “మీ అబ్బాయి రోజూ ఇంటి నుంచే కాలేజీకి వచ్చి వెళ్లాలి. కుదురుతుందో లేదో ఎక్కడ చూస్తారు?” వేలు పెట్టిన చోటి కాగితం తీసి ఇవ్వండి. వెనక్కి వస్తే వచ్చారని రాసుకోండి.

పని చెప్పేటప్పుడు మెనూలో ఉన్న మాట వాడకూడదు. ‘బస్సు రూట్లు ఎక్కడుంటాయి’ అని అడిగితే ‘బస్సులు’ అన్న పదం మీద చెయ్యి పెడతారు, దాంతో మీకు తెలిసేదేమీ లేదు. ఐదారుగురితో చేయిస్తే పెద్ద లోపాలు బయటపడతాయి. ముగ్గురు ఒకేచోట తప్పు దారి పట్టారంటే, అక్కడికి కూడా లింకు ఇవ్వండి, లేదా పేరు మార్చండి. సరిచేసి ఇంకో ఐదుగురిని పిలవండి.

8. ఫోన్‌లో ఎలా కనిపించాలి

తల్లిదండ్రులు ఈ సైటు ఫోన్‌లోనే చూస్తారనుకుని మొదలుపెట్టండి. కంప్యూటర్ మీద మౌస్ ఆనిస్తే తెరుచుకునే మెనూలు టచ్ స్క్రీన్ మీద మొరాయిస్తాయి. నొక్కితే తెరుచుకునేలా చేయించండి. మూడు గీతల బొమ్మ వెనక మెనూ మొత్తం దాచేయడం మామూలైంది. ఆ బొమ్మ నార్మ్ కాక్స్ అనే డిజైనర్ 1981 నాటి జిరాక్స్ స్టార్ కంప్యూటర్ కోసం గీసింది. అందులో తప్పు లేదు, కానీ కంటికి కనిపించని లింకుని నొక్కేవాళ్లు తక్కువ. అందుకని ఎక్కువమంది అడిగే నాలుగింటిని హోమ్ పేజీలో బొమ్మల కన్నా పైన, పెద్ద బటన్లుగా బయటే ఉంచండి.

బటన్లు వేలికి అందేంత ఉండాలి. సైట్లు అందరికీ వాడకానికి వీలుగా ఉండాలని చెప్పే డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో 2023లో వచ్చిన 2.2 వెర్షన్‌వి కనీసం 24 పిక్సెళ్లంటాయి, ఆండ్రాయిడ్ కోసం గూగుల్ సూచించేది 48. నేనైతే 48 వైపే ఉంటాను, సిటీ బస్సులో నిలబడి నొక్కేవాళ్లుంటారు కదా.

పైన పరిగెత్తే ప్రకటన తీసేయించండి. దానికి వాడే మార్క్యూ ట్యాగు హెచ్‌టీఎమ్‌ఎల్ ప్రమాణంలో కాలం చెల్లినదిగా ఎప్పుడో పక్కన పెట్టేశారు. పైగా ఐదు సెకన్లు దాటి కదిలే దేన్నైనా ఆపే వీలుండాలన్నది అదే డబ్ల్యూసీఏజీ నియమం. దాని బదులు తేదీతో సహా ఐదు ప్రకటనల జాబితా, కింద ‘అన్నీ చూడండి’ అన్న లింకు.

9. ప్రతి పేజీ ఒక గుమ్మమే

గూగుల్ నుంచో, వాట్సాప్ ఫార్వర్డ్ నుంచో నేరుగా లోపలి పేజీలోకి దిగేవాళ్లు ఎక్కువ. కాబట్టి ఏ పేజీ తెరిచినా ఇది ఏ కాలేజీ, ఏ విభాగం, పక్కన ఇంకేముంది అన్నవి కనిపించాలి. పైన ‘హోమ్ › అడ్మిషన్లు, ఫీజులు › కన్వీనర్ కోటా ఫీజు’ అని దారి చూపించండి, ఒక్కో ముక్కా నొక్కేలా ఉండాలి. లోగో నొక్కితే హోమ్‌కి వెళ్లాలి. డిపార్ట్‌మెంట్ పేజీలన్నీ ఒకే వరసలో ఉంచండి. సివిల్ పేజీలో ల్యాబులు ముందు, మెకానికల్ పేజీలో ఫ్యాకల్టీ ముందు ఉంటే పోల్చుకోవడం కష్టం. మీ కాలేజీ కౌన్సెలింగ్ కోడ్‌ని ప్రతి పేజీ అడుగునా రాయండి. వెబ్ ఆప్షన్ల రోజున అందరూ వెతికేది దాన్నే.

10. అడ్రసులు

చిన్నవిగా, ఇంగ్లిషు చిన్నక్షరాల్లో, సంవత్సరం లేకుండా పెట్టండి. ఫీజుల పేజీ అడ్రసులో 2024 అని ఉంటే వచ్చే ఏడు కొత్త పేజీ చేస్తారు, గూగుల్ మాత్రం పాతదే చూపిస్తూ ఉంటుంది. తెలుగు లిపిలో అడ్రసు పెట్టడం సాధ్యమే, కానీ కాపీ చేసి పంపేటప్పుడు ఒక్కో తెలుగు గుర్తు చాలాసార్లు శాతం గుర్తులూ అంకెలూ కలిసిన తొమ్మిది అక్షరాలుగా మారిపోతుంది. ‘ఫీజులు’లో గుణింతాలతో కలిపి ఆరు గుర్తులు, వాట్సాప్‌లో అది 54 అక్షరాల చాంతాడు అవుతుంది. పేజీ శీర్షిక తెలుగులో ఉంచి, అడ్రసు ఇంగ్లిషులో ఉంచడం నయం.

మొదటి అడుగులో రంగు వేసిన అడ్రసులు గుర్తున్నాయా? పేజీ చోటు మారితే పాత అడ్రసు నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్ (పాత అడ్రసు నొక్కినవాళ్లను తనే కొత్త పేజీకి చేర్చే ఏర్పాటు) పెట్టించండి. ప్రతి పాత అడ్రసునీ దాని సరైన కొత్త పేజీకే పంపాలి. అన్నిటినీ హోమ్ పేజీకి మళ్లించే డెవలపర్లు ఉంటారు, ఒప్పుకోకండి. నాక్ నివేదికలో ఆధారంగా ఇచ్చిన లింకు నొక్కితే హోమ్ పేజీ రావడమూ ఏమీ రాకపోవడమూ ఒకటే.

11. సెర్చ్, 404

ప్రవేశ పరీక్ష ఎంసెట్ పేరుని రాష్ట్రాలు ఈఏపీసెట్‌గా మార్చాయి, ఆంధ్రప్రదేశ్ 2021లో, తెలంగాణ 2024లో. అయినా ఇళ్లలో ఇంకా ‘ఎంసెట్’ అనే అంటారు. సైటు సెర్చ్ బాక్సులో ఎంసెట్ అని కొడితే ఈఏపీసెట్ పేజీ రావాలి. సప్లీ, సప్లిమెంటరీ, బ్యాక్‌లాగ్ మూడూ ఒకే చోటికి తేవాలి. తెలుగు మాటలను ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టేవాళ్లనీ కలుపుకోవాలి. పేజీ దొరకలేదని చెప్పే 404 పేజీలో జోకులు అక్కర్లేదు, సెర్చ్ బాక్సు, ఎక్కువమంది వెతికే ఆరు లింకులు, ఆఫీసు ఫోన్ నంబరు ఉంటే సరిపోతుంది.

12. పెట్టాక

కౌన్సెలింగ్ నెలల్లో, పరీక్షల వారంలో కొత్త సైటుకి మారొద్దు. సెమిస్టర్ సెలవుల్లో మారండి. మొదటి నెల వారానికోసారి సెర్చ్ కన్సోల్‌లో ‘దొరకని పేజీలు’ జాబితా తెరిచి, రీడైరెక్ట్ మర్చిపోయిన అడ్రసులు పూర్తిచేయండి.

ప్రతి విభాగానికీ ఒక మనిషి పేరు రాసి పెట్టండి. ‘వెబ్ కమిటీ’ అని రాస్తే ఎవరూ చేయరు. ప్రతి పేజీ అడుగున చివరిసారి సవరించిన తేదీ కనిపించాలి, గడువు తీరిన ప్రకటనలు వాటంతటవే సంవత్సరాలవారీ పాత ప్రకటనల పేజీలోకి వెళ్లిపోవాలి. ఏ డిపార్ట్‌మెంట్ హెడ్ అయినా “మా సెమినార్‌కి మెయిన్ మెనూలో ఒక లింకు పెట్టండి” అంటే, ఎవరు ఏ పని మీద దాన్ని నొక్కుతారో ఒక్క వాక్యంలో రాసిమ్మనండి. రాసిచ్చినవాటికి కూడా ముందు ప్రకటనల జాబితాలోనే చోటివ్వండి.